ఒకే విమానం, ఒకే ఆలస్యం, నలుగురికి నాలుగు ఫైళ్లు

హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే విమానం నాలుగున్నర గంటలు ఆలస్యంగా దిగిందనుకుందాం. ఎయిర్‌లైన్ యూరప్‌ది, కారణం విమానంలో సాంకేతిక లోపం. వారం తిరిగేసరికి ఫిర్యాదుల డెస్క్‌కి నాలుగు మెయిళ్లు వస్తాయి. సొంతూరికి వెళ్తున్న జర్మన్ ఇంజనీరుది ఒకటి. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న జపాన్ ఆయనది ఒకటి. షికాగో వెళ్లాల్సిన అమెరికన్ కన్సల్టెంటుది ఒకటి. డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరిన కరీంనగర్ దంపతుల తరఫున ఆ కొడుకు రాసినది ఒకటి. హైదరాబాదులో కూర్చుని రకరకాల దేశాల ప్రయాణికులకి పరిహారం లెక్కకట్టే మా పనిలో ఈ నలుగురూ మళ్లీ మళ్లీ ఎదురయ్యేవాళ్లే. ఫైలు ఏ వరసలో నడపాలో, ఎక్కడ చెడుతుందో వీళ్ల మీదుగా రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకీ, అవతలి వైపు నుంచి క్లెయిమ్ వేసేవాళ్లకీ పనికొస్తుంది.

పరిహారంలో రెండు భాగాలుంటాయి. చట్టం ప్రకారం ప్రయాణికుడికి రావాల్సింది మొదటిది. అది వాళ్ల సొమ్ము, వాళ్లకి అప్పజెబుతున్నాం అంతే. మన వల్ల పడ్డ ఇబ్బందికి మర్యాదగా ఇచ్చేది రెండోది. ఈ రెండిటినీ ఒకే కవర్లో పెట్టి పంపితే ఫైలు తిరిగొస్తుంది. మనిషి ఏ దేశం వాడైనా తిరిగొస్తుంది, తిరిగొచ్చే తీరే వేరు.

ఫైలు తెరవగానే మెయిల్ చదవడం మొదలుపెట్టకూడదు. ముందు విమానం రికార్డు చూడాలి. ప్రతి ఆలస్యానికీ ఐఏటిఏ (ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం) డిలే కోడ్ ఒకటి, అంటే కారణం చెప్పే నంబరు, వేసి ఉంటుంది. 41 అంటే విమానంలో లోపం. 71 బయల్దేరే చోట వాతావరణం, 72 దిగే చోట వాతావరణం. 93 అంటే ఆ విమానం ముందు ట్రిప్పు నుంచే ఆలస్యంగా వచ్చిందని. కొత్తవాళ్లు బోల్తా పడేది 93 దగ్గరే. 93 చూసి 'ఆపరేషనల్ కారణాలు' అని రాసి పంపేస్తారు. ముందు ట్రిప్పు ఎందుకు ఆలస్యమైందో, అవసరమైతే దాని ముందు ట్రిప్పు సంగతేంటో వెనక్కి వెళ్లి చూడాలి. అక్కడ 41 ఉంటే డబ్బు కట్టాలి, పొగమంచు ఉంటే లెక్క మారుతుంది. ఈ ఒక్క పని చేయకపోవడం వల్ల కోర్టు దాకా వెళ్లి ఓడిపోయే కేసులు ఉంటాయి.

తర్వాత దిగిన సమయం. చక్రాలు రన్‌వేని తాకిన క్షణం, గేటు దగ్గర ఆగిన క్షణం, తలుపు తెరిచిన క్షణం మూడూ వేరు. కనీసం ఒక్క తలుపైనా తెరిచి, ప్రయాణికులు దిగడానికి వీలైన సమయమే చేరిన సమయమని యూరోపియన్ యూనియన్ కోర్టు 2014లో చెప్పింది. అక్కడి పరిహారం మూడు గంటల ఆలస్యం నుంచే మొదలవుతుంది కాబట్టి, ఆ గీత దగ్గర ఆడుతున్న ఫైళ్లలో ఈ పది నిమిషాలే వందల యూరోల తేడా తెస్తాయి.

ఇక ఎవరికి ఎంత. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన 2005 ఫిబ్రవరి 17 నుంచి అమల్లో ఉంది. 1,500 కి.మీ. లోపు దూరానికి 250 యూరోలు, 1,500 నుంచి 3,500 దాకా 400, అది దాటితే 600. యూరప్ లోపలి ప్రయాణమైతే ఎంత దూరమైనా 400తో ఆగుతుంది. నిబంధనలో ఈ డబ్బు విమానం రద్దయినవాళ్లకీ, టికెట్ ఉన్నా ఎక్కించుకోనివాళ్లకీ మాత్రమే రాసి ఉండేది. మూడు గంటలు, అంతకు మించి ఆలస్యంగా చేరినవాళ్లకీ వర్తిస్తుందని 2009లో కోర్టు తేల్చింది. మామూలు సాంకేతిక లోపాన్ని 'అసాధారణ పరిస్థితి' అని చెప్పి తప్పించుకోలేమని అంతకు ముందే, 2008లో తేలింది. 3,500 కి.మీ. దాటిన ప్రయాణంలో ఆలస్యం మూడు నుంచి నాలుగు గంటల మధ్య ఉంటే సగానికి తగ్గించే వీలుంది. ఇక్కడ నాలుగున్నర కాబట్టి పూర్తి 600. ఇది మనిషికి ఇంత. సీటు కొన్న పిల్లలకీ అంతే.

యూరప్ నుంచి బయల్దేరే విమానం ఏ దేశపు ఎయిర్‌లైన్‌దైనా ఈ నిబంధన కిందికి వస్తుంది. బయటి నుంచి యూరప్‌కి వచ్చేదైతే యూరప్ ఎయిర్‌లైన్ అయితేనే వస్తుంది. అందుకే ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే జర్మన్ ఇంజనీరుకి 600 వస్తాయి. ఒకే టికెట్ మీద ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్లే జపాన్ ఆయనకీ వస్తాయి, అక్కడ చివరికి ఎంత ఆలస్యంగా చేరాడో చూస్తాం.

షికాగో, డాలస్ వాళ్లకి మాత్రం రావు. చాలామందికి తెలియనిది ఇక్కడే ఉంది. ఒకే టికెట్ మీద యూరప్ బయట మొదలై యూరప్ బయటే ముగిసే ప్రయాణంలో, మధ్యలో మారేది మాత్రమే యూరప్‌లో ఉంటే ఈ నిబంధన వర్తించదని 2022లో కోర్టు చెప్పింది. హైదరాబాదు-ఫ్రాంక్‌ఫర్ట్-డాలస్ సరిగ్గా అలాంటిదే. పక్క సీటు జర్మన్ ఆయన '600 వస్తుంది, రాయండి' అని చెప్పి ఉంటాడు, డాలస్ కొడుకు అదే నమ్మి రాసి ఉంటాడు. అదే దంపతులు హైదరాబాదు-ఫ్రాంక్‌ఫర్ట్ వేరే టికెట్‌గా కొని ఉంటే లెక్క మారిపోయేది.

ఆ ఇద్దరికీ చట్టప్రకారం మిగిలేది మాంట్రియల్ ఒప్పందం, అంటే అంతర్జాతీయ విమాన ప్రయాణాల్లో ఎయిర్‌లైన్ బాధ్యత ఎంతో చెప్పే ఒప్పందం. అందులో స్థిరమైన మొత్తం లేదు, ఆలస్యం వల్ల చేతి నుంచి పోయిన ఖర్చు రసీదులతో చూపించాలి. 2024 డిసెంబరు 28 నుంచి దీని పరిమితి మనిషికి 6,303 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి రోజూ విలువ ప్రకటించే లెక్క. పరిమితి అంటే అంత ఇస్తారని కాదు, ఎంత నిరూపించినా అంతకు మించదని.

లెక్క ఇక్కడికి తేలింది. ఉత్తరం రాయడం దగ్గర అసలు పని మొదలవుతుంది.

జర్మన్ ఇంజనీరు మెయిల్ సాధారణంగా ఆరు వాక్యాల్లో ఉంటుంది. విమానం నంబరు, తేదీ, ఎంత ఆలస్యం, నిబంధనలో ఎన్నో అధికరణ, తన ఐబ్యాన్ (యూరప్‌లో వాడే బ్యాంకు ఖాతా నంబరు), '14 రోజుల్లోగా' అన్న గడువు. జవాబు కూడా అలాగే ఉండాలి. 'మీరు 4 గంటల 32 నిమిషాలు ఆలస్యంగా చేరారు. 7వ అధికరణ ప్రకారం 600 యూరోలు ఫలానా తేదీలోగా మీ ఖాతాకి వస్తాయి. ఆలస్యానికి క్షమించండి.' అంతే. దీనికి '800 యూరోల వోచర్ తీసుకుంటారా' అన్న మాట తగిలిస్తే అది ఉదారంగా కనిపించదు, ఇవ్వాల్సినదాన్ని ఎగ్గొట్టే ఎత్తుగా కనిపిస్తుంది. ప్రయాణికుడు సంతకం పెట్టి ఒప్పుకుంటేనే డబ్బు బదులు వోచర్ ఇవ్వాలని ఆ 7వ అధికరణలోనే ఉంది, ఆయన అది చదివే రాశాడు. గడువు దాటితే రెండో మెయిల్ రాదు, లాయరు నోటీసు వస్తుంది. లేదా క్లెయిములు కొనుక్కునే కంపెనీ నుంచి వస్తుంది.

జపాన్ ఆయన మెయిల్‌లో డబ్బు ప్రస్తావన ఉండకపోవచ్చు. 'ఏం జరిగింది, గేటు దగ్గర రెండు గంటలు ఎందుకు ఏమీ చెప్పలేదు' అని ఉంటుంది. 2017 నవంబరులో టోక్యో దగ్గర సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలు ఒక స్టేషన్ నుంచి 20 సెకన్లు ముందుగా కదిలిందని ఆ కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ప్రయాణికులు ఎవరూ ఫిర్యాదు చేయకముందే. ఆ అలవాటు ఉన్న మనిషికి మొదటి వాక్యంలో 600 యూరోలు రాస్తే నోరు మూయించడానికి డబ్బు చూపినట్టుంటుంది. వరస ఇది: ముందు క్షమాపణ, షరతుల్లేకుండా. తర్వాత ఏ భాగం చెడింది, ఎన్నింటికి తెలిసింది, గేటుకి కబురు ఎందుకు అందలేదు. తర్వాత 'సైహాత్సు బోషి', అంటే మళ్లీ జరగకుండా ఏం మార్చారన్నది. చివర్లో, చట్టప్రకారం మీకు రావాల్సిందని చెప్పి 600. క్షమాపణలో 'అయితే', 'కానీ' వచ్చాయా, మొత్తం పాడైనట్టే. 'భద్రతే మా మొదటి ప్రాధాన్యం' అన్న వాక్యం కూడా తీసేయాలి. అది నిజమే, కానీ క్షమాపణ పక్కన పెడితే సాకు అవుతుంది. ఈ ఉత్తరానికి మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర నుంచి వివరం తెప్పించాలి, నాలుగైదు రోజులు పడుతుంది. ఆలోగా 'ఫలానా రోజుకి పూర్తి వివరం ఇస్తాం' అని చిన్న మెయిల్ పెట్టి, ఆ రోజు తప్పకూడదు.

అమెరికన్ కన్సల్టెంట్ ఫైలు త్వరగా ముగుస్తుంది, మనం త్వరగా కదిలితే. ఆలస్యానికి ఇంత కట్టాలన్న చట్టం అమెరికాలో లేదు. అక్కడి రవాణా శాఖ 2024లో తెచ్చిన నియమం, అంతర్జాతీయ ప్రయాణం ఆరు గంటలు, దేశంలో మూడు గంటలు మారినప్పుడు వెళ్లడం మానుకున్నవాళ్లకి టికెట్ డబ్బు వెనక్కి ఇప్పిస్తుంది. ఆయన ప్రయాణం చేశాడు కాబట్టి అది రాదు. సొంతంగా పెట్టిన ఖర్చుల రసీదులకి మాంట్రియల్ లెక్క, మిగతాదంతా మర్యాద. 'మీ ఆవేదన అర్థమైంది' అన్న అచ్చు వాక్యం ఆయనకి చిరాకు తెప్పిస్తుంది. మొదటి పేరాలోనే ఏం ఇస్తున్నామో ఉండాలి, ఎంచుకునే వీలు ఉండాలి: ఇన్ని మైళ్లు (తర్వాతి టికెట్లకి వాడుకునే పాయింట్లు), లేదా ఇంత డబ్బు, మైళ్లు ఎప్పుడు ముగుస్తాయో తేదీతో సహా. రవాణా శాఖ నియమం ప్రకారం రాతపూర్వక ఫిర్యాదు అందిందని 30 రోజుల్లో చెప్పాలి, 60 రోజుల్లో అసలు జవాబివ్వాలి. ఆయనకి 60 రోజుల ఓపిక ఉండదు. మూడు రోజుల్లో ఇచ్చిన 200 డాలర్లు ఎనిమిదో వారంలో ఇచ్చిన 400 కంటే పనిచేస్తాయి.

కరీంనగర్ దంపతుల ఫైలుకి ఎక్కువ సమయం పెట్టాలి. ఇందులో ఇద్దరు కస్టమర్లున్నారు. మెయిల్ రాసిన కొడుకు అమెరికా పద్ధతిలో రాస్తాడు: తేదీలు, మొత్తం, గడువు. ఇబ్బంది పడ్డది అమ్మానాన్నలు. కొడుక్కి మాత్రమే జవాబిస్తే సగం పనే అయినట్టు. ఆ ఇద్దరూ సంతకం పెట్టిన అధికార పత్రం తెప్పించుకుని, వాళ్లకి ఫోన్ చేయాలి, తెలుగులో.

ఆ ఫోన్‌లోనే మెయిల్‌లో లేని సంగతి బయటపడుతుంది. డాలస్ కనెక్షన్ తప్పిపోయింది, తర్వాతి విమానం మర్నాడు. షికాగో ఆయనకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో హోటల్ ఇచ్చారు. వీళ్లది భారత పాస్‌పోర్టు, షెంగెన్ వీసా లేదు, మామూలుగా విమానాశ్రయం దాటి బయటికి వెళ్లే వీలుండదు. రాత్రంతా ట్రాన్సిట్‌లో మడత మంచం మీద. షుగర్ మాత్రలు చెక్-ఇన్ బ్యాగులో. భోజనం కూపన్ ఇచ్చారు గానీ శాకాహారం దొరికే దుకాణం అప్పటికి మూసేశారు. రికార్డులో షికాగో ఆయనదీ వీళ్లదీ ఒకటే ఆలస్యం, ఒకటే 'హోటల్/కూపన్ ఇవ్వబడింది' అన్న టిక్కు. మర్యాదగా ఇచ్చే మొత్తాన్ని గంటల పట్టిక చూసి కాకుండా ఈ రాత్రిని చూసి వేయాలి. షికాగో ఆయనకి ఇచ్చినంతే వీళ్లకీ ఇస్తే అది సమానం కాదు.

ఫోన్‌లో వాళ్లనే మాట దాదాపు ఎప్పుడూ ఇదే ఉంటుంది: 'డబ్బు సంగతి కాదు సార్, ఒక్క మాట చెప్పాలె గదా.' కొంచెం సేపయ్యాక, 'పర్లేదు తియ్యండి.' ఈ 'పర్లేదు'ని ఒప్పుదలగా రాసుకుని ఫైలు మూసేయడం మా పనిలో అన్నిటికంటే పెద్ద తప్పు. పెద్దవాళ్లు అడగరు, అడగడం చిన్నతనంగా ఉంటుంది. అడగలేదని ఇవ్వకపోతే అడగడం తెలిసినవాళ్లకే పరిహారం అందుతుంది. 'పర్లేదు' అన్నాక కూడా బ్యాంకు వివరాలు మనమే అడగాలి, ఏ రసీదులు కావాలో మనమే చెప్పాలి.

క్షమాపణ ఎలా చెప్పాలన్నది ఇంకొకటి. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' అన్న వాక్యాన్ని సికింద్రాబాద్ స్టేషన్లో విని విని మన చెవులు దాన్ని పట్టించుకోవడం మానేశాయి. దాని బదులు జరిగింది జరిగినట్టు చెప్పాలి: 'అమ్మా, రాత్రంతా మిమ్మల్ని మంచం మీద ఉంచాం. మాత్రలు బ్యాగులో ఉన్నాయని మీరు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. తప్పు మాదే.' ఈ మాట అనడానికి కొత్తవాళ్లు భయపడతారు, ఒప్పుకుంటే కోర్టులో చిక్కు వస్తుందని. జరిగింది రికార్డులో ఉన్నప్పుడు చెప్పడం వల్ల వచ్చే కొత్త చిక్కేమీ లేదు. రికార్డులో లేనిదాన్ని మాత్రం ముందు సరిచూసుకోవాలి.

ఇదే ఫైలులో బ్యాగు కూడా ఉంటుంది. దిగగానే రాయించాల్సింది పీఐఆర్, అంటే బ్యాగు రాలేదనో పాడైందనో విమానాశ్రయంలో ఇచ్చే రిపోర్టు, దానికి ఐదు అక్షరాలు, ఐదు అంకెల నంబరు ఇస్తారు. ఆ నంబరు లేకపోతే బ్యాగు క్లెయిమ్ కదలడం కష్టం. బ్యాగు రాకపోతే 21 రోజుల తర్వాత పోయినట్టు లెక్క. ఆలస్యంగా వస్తే, వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. పగిలి వస్తే 7 రోజులే. పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్, బ్యాగుకి కాదు. దావా వేయడానికి రెండేళ్లు.

మన బ్యాగుల్లో ఆవకాయ ఉంటుంది. బ్యాగు ఐదు రోజులకి వస్తుంది, జాడీ మూత ఊడి నూనె రెండు పట్టుచీరలకి పట్టి ఉంటుంది. ఇంట్లో వాళ్లు మొదట చేసేది చీరలు డ్రైక్లీనింగ్‌కి ఇవ్వడం, జాడీ పారేయడం, సూట్‌కేసు కడగడం. ఆ తర్వాత క్లెయిమ్ వేస్తారు. అప్పటికి సాక్ష్యం పోయింది. లోపలి వస్తువు స్వభావం వల్లే నష్టం జరిగితే ఎయిర్‌లైన్‌కి బాధ్యత లేదని మాంట్రియల్ ఒప్పందంలో ఉంది, పచ్చడి కారిందంటే జవాబు అదే వస్తుంది. సూట్‌కేసు అంచు పగిలిందో, చక్రం విరిగిందో ఉంటే బయటి నుంచి దెబ్బ తగిలిందని అర్థం. కాబట్టి తెరవకముందే నాలుగు వైపులా ఫోటోలు, ట్యాగు కనిపించేలా ఒకటి, తెరిచాక ఉన్నది ఉన్నట్టు ఒకటి తీయాలి. చీరకి బిల్లు ఎవరి దగ్గరా ఉండదు. పెళ్లి ఫోటోలో ఆ చీర కట్టుకుని ఉన్నది పంపమంటాం, దుకాణం పేరు, కొన్న ఏడాది రాయమంటాం. 'చీరలు 6' అని రాస్తే అతి తక్కువ ధర కడతారు. 'గద్వాల పట్టు 1, పోచంపల్లి ఇక్కత్ 2' అని విడిగా, ఏడాదితో రాస్తే లెక్క నిలుస్తుంది. నగలు, డబ్బు, మందులు మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి. వాటిని చెక్-ఇన్‌లో పెట్టొద్దని చాలా ఎయిర్‌లైన్ల షరతుల్లో ఉంటుంది, తర్వాత వాదించడం కష్టం.

డబ్బు పంపడంలోనూ తేడా ఉంది. జర్మనీ ఖాతాకి ఐబ్యాన్ చాలు. ఇండియా ఖాతాకి స్విఫ్ట్ కోడ్, ఖాతా నంబరు, చిరునామా కావాలి. పేరు దగ్గర చాలా బదిలీలు వెనక్కి వస్తాయి: పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో ఒక్క అక్షరం, టికెట్‌లో ముందూ వెనకా తారుమారు. బ్యాంకు పుస్తకం మొదటి పేజీ ఫోటో అడిగి, అందులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా పేరు వేయాలి. బదిలీ ఖర్చులు పంపేవాళ్లే భరించే పద్ధతి ఎంచుకోవాలి. లేకపోతే మధ్య బ్యాంకులు కోసుకుని చెప్పిన మొత్తం కంటే తక్కువ చేరుతుంది, తగ్గిన ఆ కొద్ది యూరోలకి ఉత్తరం మళ్లీ మొదటికొస్తుంది.

గల్ఫ్ దారి ఫైళ్ల గురించి క్లుప్తంగా. జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్లే కార్మికుడికి ఏడాది గడువున్న వోచర్ ఇవ్వడం ఏమీ ఇవ్వకపోవడమే. అతను ఇంటికొచ్చేది చాలాసార్లు రెండేళ్లకొకసారి. అతనికి డబ్బు కంటే ముందు కావాల్సింది లెటర్‌హెడ్ మీద ఆలస్యం ధ్రువపత్రం, డ్యూటీలో ఎందుకు చేరలేకపోయాడో కంపెనీకి చూపించుకోవడానికి. జపాన్‌లో రైలు ఆలస్యమైతే రైల్వే కంపెనీలే ఇలాంటి కాగితం ఇస్తాయి. మన దగ్గర అడిగి, మళ్లీ అడిగి తీసుకోవాలి. డెస్క్‌లో ఉన్నవాళ్లు ఇది మొదటి జవాబుతోనే జతచేసి పంపొచ్చు, ఐదు నిమిషాల పని.

ఫైలు మూసేది డబ్బు పంపిన రోజు కాదు, ఖాతాలో పడిందని తెలిసిన రోజు. జర్మన్ ఆయన ఫైలు అక్కడితో ముగిసింది. షికాగో ఆయనకి మైళ్లు జమైనట్టు ఒక్క లైను మెయిల్. కరీంనగర్ నంబరుకి ఫోన్: 'నాన్నగారూ, డబ్బు పడిందా? బ్యాంకు మెసేజ్ ఒకసారి చూడండి.' డ్యూసెల్‌డార్ఫ్ ఫైలు ఇంకో నెల తెరిచే ఉంటుంది. గేటు దగ్గర ప్రతి ముప్పై నిమిషాలకి ఒకసారి ప్రకటన చేస్తామని ఆయనకి రాసి ఉన్నాం, అది నిజంగా మొదలైందో లేదో విమానాశ్రయం సిబ్బంది నుంచి రాతలో తెప్పించుకుని ఆయనకి పంపాలి.